తెల్లనివన్నీ తెలుపు కావు

తెలుపు అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నవి. అది ఒక రంగు పేరు. తెలియజేయమని చెప్పే క్రియ కూడ అదే. చీకటి విచ్చిపోవడాన్ని తెల్లవారడమంటాము. సందేహం తీరితే సంగతి తేటతెల్లమైనదంటాము. తెల్లనిదాన్ని తెల్లగా చూడగలగడమూ, ఉన్నదాన్ని ఉన్నట్లు తెలిసికొనడమూ దగ్గర చుట్టాలని భాష ఏనాడో గుర్తించినది. కెమెరాలో ‘వైట్ బాలెన్స్’ అనే ఏర్పాటు ఒకటున్నది. దానిని తెలుపు తూకమని పిలుచుకొందాము. పేరు విని ఇది ఛాయాగ్రాహకుల వృత్తిరహస్యమనుకొని పుట తిప్పివేయనక్కరలేదు. నేడు ఇంచుమించు ప్రతి ఉపాధ్యాయుని జేబులోను, అనేకమంది విద్యార్థుల చేతులలోను కెమెరా ఉన్నది. అది తీసిన బొమ్మను మనం సాక్ష్యంగా నమ్ముతున్నాము. రంగుల విషయంలో ఆ సాక్షి ఎప్పుడు నిజం పలుకుతుంది, ఎప్పుడు తడబడుతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలలో ఈ ప్రశ్నకు మంచి నిదర్శనాలు దొరుకుతవి. ఒకచోట ఇత్తడి, ఒకచోట మిరప, ఒకచోట రాతిమీది బొమ్మ.

ముందుగా గోడ సంగతి. బడి గోడకు క్రొత్తగా సున్నం కొట్టినారనుకొందాము. ప్రొద్దున్నే ఎండ ఏటవాలుగా పడినప్పుడు దానిమీద నారింజవన్నె జీర ఉంటుంది. నడిమధ్యాహ్నం అది తెల్లగా మెరుస్తుంది. నీడపట్టున ఉన్న ప్రక్క ఆకాశపు నీలం పులుముకొని ఉంటుంది. వేపచెట్టు క్రింద ఆకుపచ్చ ఛాయ. సాయంకాలం పాతకాలపు బల్బు వెలిగిస్తే పసుపు. ఇన్ని మార్పులు వచ్చినా పిల్లవానిని పిలిచి గోడ ఏ రంగని అడిగితే తెలుపనే చెప్పుతాడు. వాడు చెప్పేది అబద్ధం కాదు. వాని కన్ను, దాని వెనుకనున్న మెదడు కలిసి వెలుతురు రంగును తీసివేసి, వస్తువు రంగును మాత్రం వానికి అందిస్తున్నవి. ఈ తీసివేత లెక్క మనకు తెలియకుండానే రోజూ వేలసార్లు జరిగిపోతున్నది.

1789లో పారిసు నగరంలో గాస్పార్ మోంజ్ అనే గణితవేత్త శాస్త్రజ్ఞుల సభలో ఒక వింత చూపినాడు. ఎదుటి భవనం గోడమీద ఎర్రకాగితం వ్రేలాడదీయించి, దానిని ఎర్రటి గాజుపలక గుండా చూడుమన్నాడు. ఎర్రగాజులో ఎర్రకాగితం మరింత ఎర్రగా కనబడుతుందని ఎవరైనా అనుకొంటారు. కాని అది వెలవెలబోయి ఇంచుమించు తెల్లగా కనబడినది! గాజు గుండా చూచినప్పుడు చుట్టునున్న తెల్లని వస్తువులు కూడ ఎర్రబడుతవి. వాటిని తెలుపుగా లెక్కగట్టే కన్ను, అదే లెక్కను కాగితానికి కూడ వర్తింపజేసినది. 1902లో జర్మను దేశపు వాన్ క్రీస్ ఈ గుట్టును మరింత స్పష్టంగా వివరించినాడు. కంటిలో రంగులను పట్టే కణాలు మూడు తెగలు. ఏ తెగమీద వెలుతురు ఎక్కువగా వచ్చి పడుతుంటే ఆ తెగ తన చురుకుదనాన్ని కొంత తగ్గించుకొంటుంది. అందువల్ల పసుపు వెలుతురులో పసుపు పలచబడుతుంది, నీలి వెలుతురులో నీలం పలచబడుతుంది. ఈ లెక్క అన్నివేళలా కుదరదు. 2015లో ఒక గౌను ఛాయాచిత్రాన్ని చూచి లోకం రెండుగా చీలి, అది నీలమూ నలుపూ అని కొందరు, తెలుపూ బంగారమూ అని కొందరు వాదులాడుకొన్నారు. గౌను నిజానికి నీలమూ నలుపే. ఏ వెలుతురులో తీసిన బొమ్మో చెప్పే గుర్తు అందులో లేకపోవడంతో, ఎవరి మెదడు తనకు తోచిన వెలుతురును తీసివేసికొన్నది.

కెమెరాకు ఈ మెదడు లేదు. దానిది పచ్చకామెర్లవాని చూపు. పసుపు దీపం క్రింద లోకమంతా దానికి పసుపే. కాబట్టి మనం దానికి, ఇప్పుడున్న వెలుతురు ఇటువంటిది సుమా, ఈ వెలుతురులో తెలుపు అంటే ఇది సుమా అని చెప్పవలసి ఉంటుంది. అట్లు చెప్పడమే తెలుపు తూకం.

ఈ విద్య మన ఇండ్లలో ఎప్పుడో ఉన్నది. తెల్లబట్ట కొన్నాళ్ళు వాడినమీదట పసుపుబారుతుంది. దానిని ఉతికి, చివరి నీళ్ళలో రవంత నీలిమందు కలిపి జాడిస్తారు. పసుపు పోదు, కాని నీలం దానికి ఎదురు నిలిచి సరిచేయగా బట్ట తెల్లగా తోస్తుంది. సున్నంలో నీలిమందు కలపడంలోని కిటుకు కూడ అదే. కెమెరా చేసే పని అచ్చంగా ఇదే. బల్బు వెలుతురులో బొమ్మకు నీలిమందు కలుపుతుంది. నీడలోని నీలి వెలుతురులో పసుపు కలుపుతుంది. ఎంత కలపవలెనన్నదే తూకం. ఎక్కువైతే నీలిమందు ఎక్కువైన పంచె గతి పడుతుంది. ఆ పంచె కట్టి పెండ్లికి పోయినవారిని చూచి నవ్వుకొన్న ఊళ్ళు చాల ఉన్నవి.

వెలుతురు రంగును కొలవడానికి ఒక మానం కావలె. కొలిమిలోని ఇనుమును చూడండి. మొదట అది మంకెనపూవు ఎరుపులో ఉంటుంది, తరువాత నారింజవన్నెకు వస్తుంది, ఇంకా కాగితే పసుపై, చివరకు తెల్లగా కణకణలాడుతుంది. ఇంతకన్న కూడ వేడిగా ఉన్న నక్షత్రాలు నీలంగా వెలుగుతవి. రంగును బట్టి వేడి తెలుస్తుంది కనుక, వేడిని బట్టి రంగును చెప్పవచ్చును. ఈ వేడిని కెల్విన్ అంకెలలో చెప్పుతారు. నూనెదీపం వెలుగు సుమారు 1,900. పాత తీగబల్బుది 2,700 మొదలు 2,900 వరకు. నడిమధ్యాహ్నపు ఎండ సుమారు 5,500. మబ్బు పట్టిన పగలు 6,500. నీడ 7,000 మొదలు 8,000 వరకు. ఎండ తగలక నిర్మలమైన నీలాకాశం ఒక్కటే వెలుగునిచ్చేచోట 10,000 దాటిపోతుంది. ఇక్కడ విద్యార్థులను తికమకపెట్టే సంగతి ఒకటున్నది. ఎరుపును మనం వేడి రంగంటాము, నీలాన్ని చల్లని రంగంటాము; శాస్త్రం లెక్కలో నీలమే ఎక్కువ వేడి. ఇంకొక చిక్కు. కెమెరాలో అంకెను తగ్గించుకొంటూ పోతే బొమ్మ నీలం కావడం మొదలుపెడుతుంది. అంకె తగ్గించడమంటే ‘వెలుతురు పసుపుగా ఉన్నది’ అని కెమెరాకు చెప్పడం. అది విని కెమెరా నీలిమందు కలుపుతుంది. ఈ రెండు మెలికలు తెలిసినవారికి మిగిలినది తేలిక.

అయితే ఈ అంకెలన్నీ ఒకే విలువగలవి కావు. 2,700కూ 3,200కూ నడుమ ఉన్న 500 తేడాను కన్ను వెంటనే పట్టుకొంటుంది. 7,000కూ 7,500కూ నడుమనున్న అదే 500 అంతగా తెలియదు. మొదటి తేడా రెండవదానికన్న దాదాపు ఆరు రెట్లు బలమైనది. దీపాల వెలుతురులో తూకం వేసేవారు అందుకే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలెను.

పూర్వపు ఛాయాగ్రాహకులకు ఈ బాధ వేరొక రూపంలో ఉండేది. 1880వ దశకంలో ఆరవ నిజాము కొలువులో చేరి, ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ నిజాము రాజ్యంలోని కట్టడాలను గాజుపలకలమీద చిత్రించినాడు. నాటి సామాన్యమైన గాజుపలకలకు నీలం బాగుగా తెలుస్తుంది, ఎరుపు ఇంచుమించు తెలియదు. అటువంటి పలకమీద ఆకాశం తెల్లకాగితమై, ఎర్రరాయి నల్లరాయి అవుతుంది. బొమ్మలో రంగు లేదు గనుక ఎవరూ తప్పుపట్టలేదు. రంగుల ఫిల్ము వచ్చినాక సమస్య ముదిరినది. పగటి ఎండకు ఒక ఫిల్ము, దీపాలకు ఒక ఫిల్ము వేరువేరుగా అమ్మేవారు. పగటి ఫిల్ము వేసికొని రాత్రి బల్బుల క్రింద తీయవలెనంటే కటకం ముందు నీలిగాజు బిగించేవారు; దీపపు ఫిల్ముతో ఎండలో తీయవలెనంటే పసుపు జేగురు కలిసిన గాజు. రీలు మధ్యలో మార్చడానికి వీలులేదు. ఇప్పటి కెమెరాలో ఫిల్ము స్థానంలో ఉన్న పలకమీద లక్షలాది గదులున్నవి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పొందిన పేటెంటు ప్రకారం వాటిలో సగం ఆకుపచ్చను, పావు ఎరుపును, పావు నీలాన్ని పట్టుకొంటవి. తూకం వేయడమంటే ఎరుపు గదుల లెక్కను, నీలపు గదుల లెక్కను వేరువేరు అంకెలతో హెచ్చవేయడం. ఇంతే. బల్బు వెలుతురులో నీలం తక్కువగా దొరుకుతుంది కనుక దానిని ఎక్కువగా హెచ్చవేయవలసి వస్తుంది. దానితోపాటు అందులోని లోపాలు కూడ హెచ్చి, బొమ్మమీద ఇసుక చల్లినట్లవుతుంది.

ఇక జనగామ వద్దకు వత్తాము. హైదరాబాదు నుండి వరంగల్లు పోయే రహదారిమీద జనగామకు చేరువలో పెంబర్తి ఉన్నది. రేకును సుత్తితో, ఉలితో పొడిపించి దేవతామూర్తులను, తోరణాలను, తొడుగులను చేసే విశ్వకర్మల ఊరది. రాగి, యశదం కలిసిన ఇత్తడి స్వభావం విచిత్రమైనది. దానికి తన రంగు కొంత, చుట్టునున్నవాటి రంగు కొంత. ఒకవైపు వాకిలి గుండా పగటి వెలుతురు, మరొకవైపు లోపలి బల్బు ఉన్న గదిలో ఒక ఇత్తడి పళ్ళెం పెట్టి బొమ్మ తీస్తే, వాకిలివైపు అంచు వెండివలె నీలబడుతుంది, బల్బువైపు అంచు నిప్పువలె ఎర్రబడుతుంది. ఈ రెంటినీ సరిచేయగల తూకం ఏ కెమెరాలోను లేదు, ఎందుకంటే తూకానికి ఒక్కటే అంకె. మందు కెమెరాలో లేదు, గదిలోనే ఉన్నది. బల్బు ఆర్పివేసి, పళ్ళేన్ని వాకిలి దగ్గరకు జరుపవలెను. రెండు వెలుతురులను ఒకటి చేసిన తరువాతనే తూకం పనిచేస్తుంది.

కెమెరాలో ‘ఆటో’ అనే ఏర్పాటున్నది. వెలుతురును అదే ఊహించుకొంటుంది. పళ్ళెం బొమ్మనంతా ఆక్రమించుకొంటే ఆ ఊహ దెబ్బతింటుంది. ఇంత పసుపు కనబడుతున్నది గనుక ఇది పసుపు దీపమై ఉంటుందని కెమెరా అనుకొని నీలిమందు పోస్తుంది. మేలిమి ఇత్తడి కాస్తా తగరపు రేకులాగున తేలిపోతుంది. నెలల తరబడి సుత్తి పట్టిన చేతికి ఇంతకన్న అన్యాయం ఏమున్నది? కొనేవాడు దూరదేశంలో కూర్చుండి ఆ బొమ్మనే చూస్తున్నాడు.

ఇదే చిక్కు మహబూబాబాదు మిరప కల్లాలలో మరింత ఖరీదైనది. మాఘ ఫాల్గుణాలలో ఆ జిల్లా మీదుగా పోయేవారికి చేల ప్రక్కన ఎర్రటి తివాసీలు పరచినట్లు ఎండుతున్న మిరప కనబడుతుంది. మిరపకు రంగే ధర. బాగుగా పండి, సరిగా ఎండిన కాయ మెరుస్తూ ఉంటుంది. రంగు పోయి వెలిసినదానిని తాలు అంటారు. తాలుకాయకు వచ్చే ధర మేలుకాయ ధరకు చాల దిగువ. కేసముద్రం మార్కెటుకో, వరంగల్లు ఎనుమాముల మార్కెటుకో బస్తాలు బయలుదేరకముందే ఈ రోజులలో బొమ్మలు ఫోనులో బయలుదేరుతున్నవి. అడ్తిదారు చూచేది ముందు బొమ్మనే. ఆ బొమ్మ నిజం చెప్పకపోతే ఒకరికి నష్టం, లేదా ఇద్దరి నడుమ నమ్మకానికి నష్టం.

కెమెరా కల్లాన్ని చూచి ఏమి చేస్తుందో గమనించండి. లోకంలోని రంగులన్నీ కలిపి సగటు కడితే బూడిదవన్నె వస్తుందని ఆటో ఏర్పాటుకు మొదట నేర్పిన సూత్రం. వీధి, చెట్టు, ఆకాశం, మనుష్యులు ఉన్న దృశ్యంలో ఈ సూత్రం చాలవరకు సరిపోతుంది. నాలుగు మూలలా మిరపే ఉన్న దృశ్యంలో సగటు ఎరుపే గాని బూడిద ఎట్లవుతుంది? కెమెరా ఎరుపును తగ్గించి ఆకుపచ్చనూ నీలాన్నీ హెచ్చిస్తుంది. కాయ ఇటుకపొడి వన్నెకు దిగుతుంది. ఇప్పటి ఫోనులు ఇంతకన్న తెలివైన లెక్కలు నేర్చినవి గాని, ఒకే రంగు నిండిన దృశ్యం ముందు అవి నేటికీ తబ్బిబ్బవుతవి. ఇక కల్లంమీద నీలిరంగు టార్పాలిను కట్టి ఉంటే దాని గుండా దిగే వెలుతురు నీలం. మేలుకాయ కూడ దానిక్రింద వాడినట్లుంటుంది. పందిరి తీసివేసి, ఎండలోనికి వచ్చి, కెమెరాలో సూర్యుని గుర్తు ఉన్న ఏర్పాటును ఎన్నుకొని తీయడం అన్నిటికన్న క్షేమం. అప్పుడు కెమెరా ఊహించదు. 5,500కు చేరువగా ఉన్న ఒక అంకె దగ్గర నిలిచి ఉంటుంది. మబ్బు రోజున మబ్బు గుర్తు, ఇంటి నీడలో ఇంటి గుర్తు.

మిరప విషయంలో ఇంకొక ప్రమాదమున్నది. కుంచం నిండినమీదట ఎంత పోసినా పొర్లిపోవడమే గాని లెక్కకు రాదు. ఎండలో మెరిసే మిరపమీద ఎరుపు గదులు ఇట్లే నిండి పొర్లుతవి. అప్పుడు కాయమీది ముడతలు, తొడిమ దగ్గరి వెలిసిన మచ్చ అన్నీ ఒకే ఎర్రముద్దగా మారుతవి. తరువాత ఏ తూకమూ వాటిని తిరిగి తేలేదు. వెలుగును ఒక మెట్టు తగ్గించి తీయడం మంచిది. ఎంత జాగ్రత్తగా తీసినా ఛాయాచిత్రం పరీక్షకు బదులు కాదని కూడ ఒప్పుకొనవలెను. మిరపరంగును ప్రయోగశాలలో ద్రావకంలో కరగదీసి, దాని గుండా కాంతి ఎంత పోతున్నదో కొలిచి ‘ఆస్టా’ అంకెలలో చెప్పుతారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు చపాటా మిరపకు కారం తక్కువ, రంగు ఎక్కువ. దాని పేరంతా ఆ రంగుమీదనే నిలిచి ఉన్నది.

ప్రొద్దు క్రుంకినాక కథ మారుతుంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం 1,100 మెగావాట్ల శక్తి గలది. కాకతీయ ఖని గనుల నల్లబంగారం అక్కడ మండి వెలుతురౌతున్నది. ఆ విద్యుత్తుతో వెలిగే దీపాలన్నీ ఒక్క జాతివి కావు. ట్యూబులైటులోని పాదరసపు ఆవిరి వల్ల ముఖాలమీద ఆకుపచ్చ జీర పడుతుంది. పైగా విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది గనుక ఆ వెలుతురు సెకనుకు నూరుసార్లు ఎగసి పడుతుంటుంది. షట్టరును అంతకన్న వేగంగా మూస్తే ఒక బొమ్మ ఒక రంగులో, తరువాతి బొమ్మ మరొక రంగులో వస్తుంది. సెకనులో 50వ వంతు దగ్గర షట్టరు నిలిపితే ఈ బెడద చాలవరకు తీరుతుంది. వీధులలో చాలకాలం వెలిగిన సోడియం దీపాల సంగతి మరీ మొండిది. మంటమీద ఉప్పు చల్లితే లేచే పసుపు వెలుగును విద్యార్థులు ప్రయోగశాలలో చూచి ఉంటారు. అందులో ఇంచుమించు 589 నానోమీటర్ల పసుపు ఒక్కటే ఉన్నది. ఆ వెలుగులో నీలి చీరకు ఇచ్చుకొనడానికి నీలం లేదు, ఎర్ర చీరకు ఎరుపు లేదు. లేనిదానిని ఎంతతో హెచ్చవేసినా సున్నయే. వీధి సోడియం దీపాలలో ఇతర వన్నెలు రవంత కలిసినా, వాటిక్రింద రంగుల బొమ్మ దండుగ.

ఎల్.ఇ.డి. దీపాలు వచ్చి చీకటిని చాలవరకు తరిమినవి. నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి. కొరకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ నీలికాంతిమీద పసుపునిచ్చే పూత పూసి తెల్లని వెలుగును పుట్టిస్తున్నారు. చవక దీపాలలో ముదురు ఎరుపు చాల తక్కువ. వాటిక్రింద మిరప, కుంకుమ, చామనఛాయ ముఖం మూడూ పాలిపోతవి. తూకం సరిగ్గా వేసి గోడను తెల్లగా తెచ్చినా ముఖం బూడిద పూసినట్లే ఉంటుంది. ముఖఛాయల మాట వచ్చినది గనుక ఒక సంగతి. రంగుల ఫిల్మును ముద్రించే పనివారి కొరకు కొడాక్ సంస్థ చాలకాలం ఒక శ్వేతజాతి యువతి బొమ్మనే కొలతగా పంపుతూ వచ్చినది. ఆమె ముఖం కుదిరితే అందరి ముఖాలూ కుదిరినట్లే లెక్క! నల్లని ముఖాలు అందులో ఎన్నేండ్లు మసిబారినవో చెప్పనక్కరలేదు. నేడు కొన్ని ఫోనులు అడుగకుండానే ముఖాన్ని తెల్లబరచడం ఆ పాత జబ్బుకు క్రొత్త రూపం.

తూకం తెలిసినవాడు ప్రతిచోటా తూకం వేయవలెననే నియమమేమీ లేదు. సంజవేళ బతుకమ్మలను పేర్చి ఆడుతున్నప్పుడు తంగేడుపూలమీద పడే చివరి ఎండను 3,500 అంకె దగ్గర సరిచేసి మధ్యాహ్నపు ఎండగా మార్చినవాడు ఏమి సాధించినట్లు? గుడిలోని దీపపు వెలుగు పసుపుగా ఉండడమే దాని నిజం. దానిని కాగితంవలె తెల్లబరిస్తే గర్భగుడి ఆఫీసుగది అవుతుంది. ఇటువంటిచోట్ల పగటి ఏర్పాటునే ఉంచి, వెలుతురును దాని రంగులో ఉండనిచ్చుట మేలు. వెన్నెల సంగతి వేరు. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రంలో మార్కస్ బార్ట్లే పండించిన వెన్నెలను నలుపు తెలుపులలోనే మన పెద్దలు చూచి మురిసినారు. రంగుల చిత్రాలు వచ్చినాక వెన్నెల నీలమైనది. నిజానికి వెన్నెల సుమారు 4,100 కెల్విన్. అనగా ఎండకన్న కొంచెం పసుపే! మసకవెలుతురులో మన కన్ను నీలంవైపు మొగ్గుతుంది గనుక అది నీలంగా తోస్తుంది. నీలి వెన్నెల కెమెరాకు అబద్ధం, కవికి నిజం. ఎక్కడ వెలుతురును చూపవలెను, ఎక్కడ వస్తువును చూపవలెను అన్నది తీసేవాని వివేకం.

భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టల దగ్గర మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. రేగొండకు చేరువనున్న ఈ ఇసుకరాతి గుట్టలలోని చిత్రాలు 1990లో వెలుగులోనికి వచ్చినవి. కొండచరియల క్రింద అడవిదున్నలు, లేళ్ళు, పులులు, విల్లంబులు, కత్తులు, స్వస్తికలు ఉన్నవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు వన్నెలు వాడినారు. మధ్యశిలాయుగం మొదలు మధ్యయుగాల వరకు ఎందరెందరో వచ్చి గీసిపోయినారని పండితుల నిర్ణయం. రాతి చిత్రాలలోని ఎరుపు సామాన్యంగా జేగురుమన్నులోని ఇనుప ఆక్సైడు. వేల ఏండ్లు నిలిచిన రంగే గాని, వానకు, ఎండకు, నాచుకు, మనుష్యుల చేతికి లోబడినది. ఒక ఎరుపు ముందు ఎట్లుండేదో చెప్పడానికి రేపు మిగిలేది ఛాయాచిత్రమే కావచ్చును.

అక్కడి వెలుతురు ఎంత కలగాపులగమో ఆలోచించండి. చరియ నీడలో ఆకాశపు నీలం, ఎదుటి ఎర్రరాతిమీద నుండి తిరిగివచ్చే ఎరుపు, చెట్లనుండి ఆకుపచ్చ. దానికి తోడు బొమ్మనిండా ఎర్రటి రాయే. ఆటో ఏర్పాటు రాతిరంగును వెలుతురు రంగుగా పొరబడి తుడిచివేస్తుంది. జేగురు దున్న గోధుమవన్నె దున్న అవుతుంది. మరునాడు మరొక కోణంలో తీస్తే మరొక దున్న. ఈ రెండింటిలో ఏది రాతిమీదున్న దున్నయో తరువాత తరం ఎట్లు చెప్పగలదు? మాసిన గీతలను బయటికి తీయడానికి పరిశోధకులు ‘డీస్ట్రెచ్’ అనే కంప్యూటరు సాధనం వాడుతున్నారు. అది చూపే ఊదా, ఆకుపచ్చ రంగులు కల్పితాలని వాడేవారికీ తెలుసు, చూచేవారికీ తెలుసు. తెలియకుండా మారిన రంగే అపాయకరమైనది.

దీనికి ఉపాయం ఖరీదైనదేమీ కాదు. అంగళ్ళలో దొరికే బూడిదవన్నె అట్టను బొమ్మలో ఒక మూల ఉంచి మొదటి బొమ్మ తీయవలెను. అట్ట దొరకకపోతే, కొళాయిలు బిగించేవారు మరలకు చుట్టే తెల్లటి టేపును ఒక అట్టముక్కమీద ఏడెనిమిది పొరలుగా చుట్టుకొనవచ్చును. అది టెఫ్లాన్ పదార్థం. అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా తిప్పికొడుతుంది. తెల్లచొక్కాను, తెల్లకాగితాన్ని నమ్మరాదు. సబ్బుపొడులలోను, కాగితపు మిల్లులలోను కలిపే మెరుగుమందులు కంటికి కనబడని అతినీల కాంతిని పీల్చుకొని నీలంగా వెలిగిస్తవి. నీలిమందు వేషం మార్చుకొని మళ్ళీ వచ్చినదన్నమాట. వాటిని తెలుపుగా లెక్కగట్టితే బొమ్మ పసుపుబారుతుంది. కెమెరాలో ‘కస్టమ్’ అనే ఏర్పాటున్నవారు ఆ ముక్కను చూపి తెలుపు తూకం అక్కడికక్కడే నిర్ణయించుకొనవచ్చును. ‘రా’ అనే పచ్చిరూపంలో బొమ్మను దాచుకొనేవారికి తూకం తరువాత కూడ మార్చుకొనే వీలున్నది. ముక్క బొమ్మలో ఉంటే చాలును. ముక్కమీద పడే వెలుతురు, చిత్రంమీద పడే వెలుతురు ఒకటే కావలెను. ఆ ముక్క రాతికి తగులరాదు. గీతలు స్పష్టంగా కనబడవలెనని కొందరు చిత్రంమీద నీళ్ళు చల్లుతారు, సుద్దతో దిద్దుతారు, అది చిత్రవధ.

పిల్లలను గుట్టలకు తీసికొనిపోయే ఉపాధ్యాయులు ఒక చేతిపుస్తకం పెట్టించి అందులో తేదీ, వేళ, ఆకాశం ఎట్లున్నది, ఏ ఏర్పాటు, ఏ అంకె అన్నవి ప్రతి బొమ్మకూ వ్రాయించవలెను. ఏటేటా అదే నెలలో, అదే వేళకు, అదే చోట నిలిచి తీయించడం మరీ మంచిది. అయిదేండ్ల బొమ్మలను ప్రక్కప్రక్కన పరచినప్పుడు దున్న ఎరుపు తగ్గినట్లు కనబడితే, ముందు మూలనున్న తెల్లముక్కను చూడవలెను. అది అన్నిటిలో ఒక్కతీరుగా ఉండి దున్న మాత్రమే వెలిసి ఉంటే ఆ బొమ్మలను, చేతిపుస్తకాన్ని వెంటనే పురావస్తు శాఖవారికి అందజేయవలెను. తిరిగి వచ్చేటప్పుడు తెల్లముక్కను మాత్రం గుట్టమీద మరచిరాక సంచిలో వేసికొని రావలెను.